అనుభవం తక్కువగా ఉన్నప్పుడు సినిమా రెజ్యూమే ఎలా రాయాలి

సినిమా రంగంలో మొదటి అవకాశం కోసం ప్రయత్నించే యువతీయువకులు పంపే రెజ్యూమేల్లో చాలావాటిని చూడగానే, అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల నమూనాలోంచి తీసుకున్నవని తెలిసిపోతుంది. పై భాగంలో జీవిత లక్ష్యం గురించి నాలుగు వాక్యాలు, దాని కింద పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కుల పట్టిక, ఆ తర్వాత అభిరుచులు, అడుగున ఇదంతా నిజమేనని ఒక ధ్రువీకరణ. సినిమా ఆఫీసులో ఈ కాగితాన్ని చదివేది మానవ వనరుల విభాగం కాదు. దర్శకత్వ శాఖ అయితే కో-డైరెక్టర్ (దర్శకుడి కింద ఆ శాఖను నడిపేవారు), ప్రొడక్షన్ అయితే మేనేజర్, ఎడిటింగ్ అయితే ఎడిటర్ దగ్గర ఏళ్ల తరబడి ఉన్న సీనియర్ అసిస్టెంట్ చదువుతారు. అదీ రెండు షాట్ల మధ్య, ఫోన్ తెర మీద చదువుతారు. ఈ మనిషి రేపు ఉదయం నా శాఖలోకి వస్తే ఏ పనిని నిశ్చింతగా అప్పగించగలను అన్నదే వారు తెలుసుకోవాలనుకునేది. రెజ్యూమేలోని ప్రతి పంక్తీ ఆ ప్రశ్నకు జవాబు కావాలి, జవాబు ఇవ్వని పంక్తిని తీసేయాలి.

ఈ వ్యాసంలో హైదరాబాద్ తెలుగు సినిమాలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాలనుకునేవారిని ప్రధానంగా దృష్టిలో పెట్టుకుంటున్నాను. ఎడిటింగ్, కెమెరా, గ్రాఫిక్స్, ప్రొడక్షన్ వైపు వెళ్లేవారికి వర్తించే మార్పులను సందర్భం వచ్చినచోట చెబుతాను. నటనకు కావలసిన ప్రొఫైల్ పూర్తిగా వేరే విషయం. అందులో ఫొటోలు, ఎత్తు, పోషించగల వయసు, ఆడిషన్ వీడియో ముఖ్యమవుతాయి కాబట్టి దానిని ఇక్కడ కలపడం లేదు.

ముందు శాఖను తేల్చుకోవాలి

తెలుగు సినిమా పనివారిని 24 క్రాఫ్ట్స్ అని పిలవడం పరిశ్రమలో స్థిరపడిన మాట. ఆ శాఖల్లో ఒక్కోదానికి ఒక్కో సంఘం, ఒక్కో పని పద్ధతి, కొత్తవారిని తీసుకునే ఒక్కో దారి ఉన్నాయి. అందువల్ల "డైరెక్షన్, ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ, కథా రచన, నటన అన్నింటిలో ప్రవేశం ఉంది" అని రాసిన రెజ్యూమే ఎవరికీ చెందకుండా పోతుంది. లఘుచిత్రాలు తీసిన ప్రతివారూ ఇవన్నీ కొంత కొంత చేసే ఉంటారన్నది నిజమే. అయినా చదివేవారికి అది సామర్థ్యంగా కనిపించదు, ఇంకా ఏమీ తేల్చుకోలేదన్న సూచనగానే కనిపిస్తుంది. రెండు శాఖల మీద ఆసక్తి ఉంటే రెండు వేర్వేరు రెజ్యూమేలు తయారు చేసుకోవాలి. దర్శకత్వ శాఖకు పంపేదానిలో ఎడిటింగ్ నైపుణ్యం ఒక్క పంక్తిలో ఉంటే చాలు. ఎడిటింగ్‌కు పంపేదానిలో అదే పైకి రావాలి.

పేరు కిందనే కోరుకుంటున్న పనిని స్పష్టంగా రాయాలి. "అసిస్టెంట్ డైరెక్టర్, దర్శకత్వ శాఖ" అంటే సరిపోతుంది. "ఫిల్మ్ మేకర్" అన్న మాట ఈ చోట ఏ సమాచారమూ ఇవ్వదు. పెద్ద సినిమాల్లో పని చేయనివారు "అసోసియేట్ డైరెక్టర్" అని రాసుకోవడం ఇంకా ప్రమాదం. లఘుచిత్రంలో ఆ హోదా ఉన్నా సినిమా ఆఫీసులో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ అసోసియేట్ అంటే అనేక సినిమాలు చేసి, షెడ్యూల్ మొత్తం చేతిలో పెట్టుకుని నడపగలిగినవారు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో సినిమా చదువుకుని వచ్చే తెలుగువారికీ ఇదే జాగ్రత్త అవసరం. అక్కడ ఫస్ట్ అసిస్టెంట్ డైరెక్టర్ ప్రధానంగా షెడ్యూలును, సెట్టు నడకను చూస్తారు. ఇక్కడ దర్శకత్వ శాఖ మాటల ప్రతి దగ్గర నుంచి డబ్బింగ్ దాకా దర్శకుడి వెంటే ఉంటుంది. కాబట్టి హోదా ఒక్కటే రాసి ఊరుకోకుండా, చేసిన పనిని పక్కనే వివరించాలి.

పై భాగంలో ఫోన్ నంబరు, ఈమెయిల్, ఉంటున్న ప్రాంతం ఉండాలి. ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా అక్కర్లేదు. యూసుఫ్‌గూడ, హైదరాబాద్ అంటే చాలు. ప్రాంతం ఎందుకంటే, సినిమాలో ఉదయపు కాల్షీటుకు ముందే చేరవలసినవారిలో అసిస్టెంట్ డైరెక్టర్లు మొదటివారు. రామోజీ ఫిల్మ్ సిటీ నగరం నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ తెల్లవారుజామున హాజరు కావాలంటే మనిషి ఎలా వస్తారన్నది మేనేజరుకు నిజమైన ప్రశ్నే. అందుకే సొంత ద్విచక్ర వాహనం, డ్రైవింగ్ లైసెన్సు ఉంటే సంకోచించకుండా రాయాలి. తండ్రి పేరు, కులం, మతం, వైవాహిక స్థితి, ఆధార్ సంఖ్య, పాన్ సంఖ్య మాత్రం రాయకూడదు. వాట్సాప్‌లో చేతులు మారుతూ తిరిగే కాగితం మీద గుర్తింపు సంఖ్యలు పెట్టడం మీకే ముప్పు. పని ఖరారయ్యాక చెల్లింపుల కోసం అడిగినప్పుడు ఇస్తే సరిపోతుంది.

చేసిన పనిని సెట్టు భాషలో రాయడం

అసలు శ్రమ ఇక్కడే ఉంది, ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. కొత్తవారి రెజ్యూమేల్లో తరచుగా కనిపించే పంక్తి ఇది:

"ఒక షార్ట్ ఫిల్మ్‌కు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేసి మంచి అనుభవం సంపాదించాను."

ఇందులో చదివేవారికి ఉపయోగపడే సమాచారం ఏమీ లేదు. అదే పనిని ఇలా రాయవచ్చు:

"2024. లఘుచిత్రం, 18 నిమిషాలు, యూట్యూబ్‌లో విడుదలైంది. ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లలో ఒకరిని. 5 రోజుల షూటింగ్, 14 సీన్లు, వరంగల్‌లో 3 లొకేషన్లు. సీన్ల వారీగా కాస్ట్యూమ్స్, ప్రాపర్టీస్ జాబితా తయారు చేశాను. కంటిన్యుటీ షీట్లు, ఫొటోలు నిర్వహించాను. క్లాప్ కొట్టాను, డైలాగ్ ప్రాంప్టింగ్ చేశాను. లొకేషన్‌లో మారిన మాటలను చేర్చి డబ్బింగ్ ప్రతి సిద్ధం చేశాను."

రెండో దానిలో (అందులోని ప్రాపర్టీస్ అంటే సీనులో వాడే వస్తువులు) గొప్ప విషయమేమీ లేదు. ఒక్క విశేషణం కూడా లేదు. అయినా చదివిన కో-డైరెక్టరుకు ఈ మనిషికి కంటిన్యుటీ, అంటే వేర్వేరు సమయాల్లో తీసిన షాట్ల వివరాలు ఒకదానితో ఒకటి అతికేలా చూసే పని, అప్పగించవచ్చని అర్థమవుతుంది. సీన్లు కథలో ఉన్న వరుసలో తీయరు. పన్నెండో సీను మొదటి రోజు, దానికి ముందు జరిగే పదకొండో సీను మూడో రోజు తీయవలసి రావచ్చు. మొదటి రోజు పాత్రధారి చొక్కా చేతులు ఎంతవరకు మడిచారు, గడియారం ఏ చేతికి ఉంది, నుదుటి మీద గాయం ఎంత తాజాగా ఉంది, గ్లాసులో నీళ్లు ఏ మట్టం దాకా ఉన్నాయి అన్నవి ఎవరో ఒకరు రాసిపెట్టుకుని, ఫొటో తీసి ఉంచకపోతే మూడో రోజు చేసిన పని ఎడిటింగ్ బల్ల మీద అతకదు. ఆ షీటును ఐదు రోజులు తప్పులేకుండా నడిపిన మనిషికి, రెండు గంటల సినిమాకు నడపడం నేర్పడం కష్టం కాదు. అందుకే చిన్న సినిమా చేశామని సిగ్గుపడి ఆ వివరాలు దాచకూడదు. మీ దగ్గర ఉన్న అత్యంత విలువైన సరుకు అదే.

ఇలాంటి పంక్తి రాయడానికి ముందు ఒక నోటు పుస్తకంలో మీరు చేసిన ప్రతి చిత్రం గురించి విడివిడిగా రాసుకోండి. ఎన్ని రోజులు తీశారు, ఎన్ని సీన్లు, పగలా రాత్రా, ఎంతమంది నటులు, జూనియర్ ఆర్టిస్టులు ఉన్నారా, లైవ్ సౌండా డబ్బింగా, షూటింగుకు ముందు మీరేం చేశారు, తర్వాత ఏం చేశారు, ఏ కాగితం మీ చేత్తో తయారైంది అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే, సగం మరిచిపోయిన పని బయటికి వస్తుంది. వాటిలోంచి కోరుకున్న శాఖకు పనికివచ్చే నాలుగైదు అంశాలను ఎంచుకోవాలి. దర్శకుడికి టీ తెచ్చిచ్చిన రోజులు అందరికీ ఉంటాయి, అవి రాయనక్కర్లేదు. జూనియర్ ఆర్టిస్టులు ముప్పై మందిని ఒక పెళ్లి సీనులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తుంచుకుని, విరామం తర్వాత తిరిగి అదే చోట కూర్చోబెట్టి ఉంటే తప్పకుండా రాయాలి.

సినిమా కాని పనిలో ఉన్న సినిమా

లఘుచిత్రం కూడా చేయనివారు రాయడానికి ఏమీ లేదనుకుంటారు. చాలాసార్లు అది నిజం కాదు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో రెండేళ్లు పని చేసిన యువకుడు కెమెరా శాఖకు పంపే రెజ్యూమేలో దానిని ఒక మూలన పడేస్తాడు. నిజానికి ఆగకుండా జరిగే తంతును రెండో అవకాశం లేకుండా చిత్రీకరించడం, బ్యాటరీలు, కార్డులు, లెన్సులు లెక్క తప్పకుండా చూసుకోవడం, చీకటి మండపంలో లైట్లు సర్దడం, రాత్రంతా మేలుకుని ఉండడం అన్నీ కెమెరా అసిస్టెంటుకు కావలసిన గుణాలే. వాడిన కెమెరాల పేర్లు, లెన్సుల పేర్లు రాయాలి. వాడనివాటిని, పక్కన నిలబడి చూసినవాటిని రాయకూడదు. మొదటి రోజే వాటిలో ఒకదాన్ని చేతికిచ్చి లెన్సు మార్చమంటారు.

కిరాణా కొట్టులో లెక్కలు రాసిన అనుభవం ప్రొడక్షన్ శాఖకు పనికివస్తుంది. రోజువారీ ఖర్చుకు డబ్బు తీసుకుని, వోచర్లు రాయించుకుని, సాయంత్రానికి పైసాతో సహా అప్పగించడం అక్కడ నిత్యకృత్యం. కుట్టుపని తెలిసిన అమ్మాయి కాస్ట్యూమ్స్ వైపు, ఆర్కిటెక్చర్ చదివి కొలతలతో డ్రాయింగులు గీయగలిగిన విద్యార్థి ఆర్ట్ వైపు, పరిషత్ నాటకాల్లో తెర వెనక సామగ్రి చూసుకున్నవారు ప్రాపర్టీస్ లేదా దర్శకత్వ శాఖల వైపు ఈ పనులను ధైర్యంగా చూపించవచ్చు. అయితే వంతెన మీరే కట్టాలి. "సూపర్ మార్కెట్‌లో క్యాషియర్" అని వదిలేస్తే అది సంబంధం లేని ఉద్యోగంగానే ఉండిపోతుంది. "రోజుకు ఇంత నగదు, ఇన్ని బిల్లులు, రాత్రికి లెక్క సరిచూసి అప్పగించే బాధ్యత" అంటే మేనేజరుకు వెంటనే బోధపడుతుంది.

దర్శకత్వ శాఖకు వెళ్లేవారు భాష గురించి ప్రత్యేకంగా రాయాలి. తెలుగు టైపింగ్ తప్పుల్లేకుండా, వేగంగా చేయగలిగితే అది మంచి అర్హత, ఎందుకంటే మారిన సీన్ పేపర్లను అప్పటికప్పుడు మళ్లీ కొట్టి పంచవలసి వస్తుంది. తెలుగు రాని నటీనటులు ఉన్నప్పుడు మాటలను వారు చదవగలిగే లిపిలోకి మార్చి, అర్థం చెప్పి, ఉచ్చారణ పలికించి, షాట్ జరుగుతుండగా ప్రాంప్ట్ చేసేది (మాట అందించేది) సాధారణంగా ఈ శాఖవారే. హిందీ, తమిళం, కన్నడం ఏదైనా మాట్లాడగలిగితే, చదవగలిగితే ఆ రెండింటినీ వేరు చేసి రాయండి. మీకు వచ్చిన తెలుగు యాసను కూడా రాయవచ్చు. శ్రీకాకుళం మాటో, పాలమూరు మాటో, అనంతపురం మాటో పుట్టుకతో వచ్చినవారు డైలాగుల సవరణలో, డబ్బింగులో నిజంగా ఉపయోగపడతారు.

ఎడిటింగ్, గ్రాఫిక్స్ వారికి

ఎడిటింగ్ అసిస్టెంటుగా వెళ్లేవారు తాము కట్ చేసిన మాంటేజీల గురించి ఎక్కువగా, ఫుటేజీని భద్రపరిచిన తీరు గురించి తక్కువగా రాస్తారు. మొదట్లో మీకు అప్పగించేది రెండోదే. కార్డులోని ఫుటేజీని రెండు వేర్వేరు డ్రైవుల్లోకి దించడం, ఫైళ్ల సంఖ్యను, పరిమాణాన్ని సరిచూడడం, రోజు, కార్డు నంబరు వేసి ఫోల్డర్లు పెట్టడం, సౌండును పిక్చరుతో సింక్ చేయడం, సీన్ల వారీగా రషెస్ (తీసిన ముడి ఫుటేజీ) సర్దడం, డబ్బింగుకు, సౌండుకు, డీఐకి (రంగులు సరిదిద్దే దశకు) కావలసిన ఫైళ్లు తీసివ్వడం వంటి వాటిలో ఏవి చేశారో అవి పేర్లతో సహా రాయండి. సాఫ్ట్‌వేర్ పేర్ల పక్కన నక్షత్రాలు, శాతాలు వేయడం మానేయాలి. ప్రీమియర్ ప్రో ఎనభై శాతం వచ్చంటే ఏ ఎడిటరుకూ ఏమీ అర్థం కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేశారన్నదే చెప్పాలి.

గ్రాఫిక్స్ స్టూడియోలకు రెజ్యూమే కన్నా షోరీల్ (చేసిన పని నమూనాల చిన్న వీడియో) ముఖ్యం. నిమిషం, నిమిషంన్నర మించని రీల్‌లో మొదటి షాటే మీ ఉత్తమమైన పని కావాలి. ప్రతి షాటుకూ మీరు చేసిన భాగమేదో రాసిన చిన్న పట్టిక వెంట ఉండాలి. షాటులో రోటో (మనిషినో వస్తువునో అంచుల వెంట గీసి వెనక దృశ్యం నుంచి వేరు చేసే పని) మాత్రమే మీదైతే రోటో అనే రాయాలి. స్టూడియోలో చేసిన షాట్లను సినిమా విడుదల కాకముందు, స్టూడియో అనుమతి లేకుండా రీల్‌లో పెట్టకూడదు. అలా పెట్టినవారి నైపుణ్యం కన్నా నోటి కట్టుబాటు లేకపోవడమే ఎదుటివారికి ముందు కనిపిస్తుంది.

పేర్లు, రోజులు, నిజం

చేసిన రోజులను పెంచి రాయాలన్న ప్రలోభం కొత్తవారికి బలంగా ఉంటుంది. నా అభిప్రాయంలో ఇంతకు మించిన నష్టం వేరే లేదు. పరిశ్రమలో ఒక శాఖలో పని చేసేవారు ఒకరికొకరు తెలిసినవారే. ఫలానా సినిమాకు పనిచేశానని రాస్తే, ఆ సినిమా కో-డైరెక్టరుకు ఫోన్ చేసి కనుక్కోవడానికి రెండు నిమిషాలు చాలు. తొమ్మిది రోజుల ప్యాచ్ వర్కుకు (మిగిలిపోయిన చిన్న చిన్న షాట్లు తీసే పనికి) వెళ్లినవారు "ప్యాచ్ వర్క్, 9 రోజులు, అదనపు అసిస్టెంటుగా" అని రాస్తే అది గౌరవంగా ఉంటుంది. సినిమా పేరు మాత్రమే రాసి మొత్తం చేసినట్టు కనిపించేలా వదిలేస్తే, ఒక్క ఫోన్ కాల్‌తో మిగతా నిజాలన్నీ కూడా అనుమానాలవుతాయి.

టైటిల్స్‌లో పేరు పడని పని చాలామందికి ఉంటుంది. దానిని రాయవచ్చు, "టైటిల్స్‌లో పేరు లేదు" అని పక్కనే చెప్పి, ధ్రువీకరించగలిగిన వ్యక్తి హోదాను ఇవ్వాలి. ఆయన ఫోన్ నంబరును మాత్రం ఆయన్ను అడిగి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి. ఆగిపోయిన సినిమాలను "విడుదల కాలేదు" అని రాయడంలో చిన్నతనం లేదు, ఈ రంగంలో అందరికీ అవి ఉంటాయి. నిర్మాణంలో ఉన్న సినిమా కథను, నటుల వేషాలను, లొకేషన్ ఫొటోలను రెజ్యూమేలో గానీ లింకుల్లో గానీ బయటపెట్టకూడదు. సంఘం సభ్యత్వ కార్డు ఉంటే రాయండి, లేకపోతే ఆ ప్రస్తావన అక్కర్లేదు. ఏ శాఖలో ఎప్పుడు, ఎలా సభ్యత్వం ఇస్తారో ఆ సంఘం కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి, మధ్యవర్తుల మాట నమ్మకూడదు.

చదువుకు రెండు పంక్తులు చాలు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని అన్నపూర్ణ కాలేజీ వంటి చోట్ల చదివినవారు కూడా సంస్థ పేరు దగ్గర ఆగిపోకుండా, అక్కడ చేసిన డిప్లొమా చిత్రాల్లో తాము ఏ శాఖ చూశారో చెప్పాలి. బీటెక్ చదివి ఇటు వచ్చినవారు దాన్ని దాచనక్కర్లేదు, సమర్థించుకోనూ అక్కర్లేదు. కోర్సు పేరు, సంవత్సరం రాసి ముందుకు వెళ్లడమే మంచిది.

పంపే పద్ధతి

మొత్తం ఒక్క పేజీలో, పీడీఎఫ్‌గా ఉండాలి. ఫోన్ తెర మీద పెద్దది చేసుకోకుండా చదవగలిగేంత అక్షరాల పరిమాణం ఉండాలి. పంపే ముందు మీ ఫోనులోనే తెరిచి చూసుకోండి. రంగుల పట్టీలు, ఫిల్మ్ రీళ్ల బొమ్మలు వద్దు. చెన్నై, ముంబై సాంకేతిక నిపుణులు కూడా చదివే అవకాశం ఉన్న కెమెరా, గ్రాఫిక్స్ వంటి శాఖలకు సరళమైన ఇంగ్లీషులో రాయడం మేలు. దర్శకత్వ, రచనా శాఖలకు తెలుగులో రాసినా నష్టం లేదు, పైగా మీ తెలుగు ఎలా ఉందో ఆ పేజీయే చూపిస్తుంది. అందుకే అందులో ఒక్క అచ్చుతప్పు కూడా ఉండకూడదు. ఫైలుకు మీ పేరు, శాఖ, సంవత్సరం కలిపి పేరు పెట్టండి. ఫైలు పేరు "రెజ్యూమే ఫైనల్ టూ" అని ఉంటే, ఆఫీసులో దించుకున్న వందల ఫైళ్లలో మిమ్మల్ని ఎవరూ వెతకలేరు. డ్రైవ్ లింకులు ఇస్తే అనుమతి అడగకుండా తెరుచుకుంటున్నాయో లేదో వేరే ఫోనులో సరిచూడాలి. పద్దెనిమిది నిమిషాల చిత్రం లింకు ఇచ్చినప్పుడు చూడవలసిన రెండు నిమిషాలు ఎక్కడున్నాయో సమయంతో చెప్పాలి.

వెంట పంపే సందేశం కూడా రెజ్యూమేలో భాగమే. "హాయ్ సార్, ఛాన్స్ ప్లీజ్" అన్న సందేశాలు రోజూ వచ్చేచోట, ఇలాంటిది చదవబడుతుంది:

"నమస్కారం సార్. కో-డైరెక్టర్‌గా మీరు చేస్తున్న కొత్త సినిమాకు అసిస్టెంట్లను తీసుకుంటున్నారని తెలిసి రాస్తున్నాను. రెండు లఘుచిత్రాలకు కంటిన్యుటీ, కాస్ట్యూమ్స్ చూశాను. తెలుగు టైపింగ్ వచ్చు, హిందీ చదవగలను, రాయగలను. యూసుఫ్‌గూడలో ఉంటున్నాను, వెంటనే చేరగలను. రెజ్యూమే జతచేశాను. మీకు వీలైనప్పుడు వచ్చి కలుస్తాను."

ఒకే సందేశాన్ని అందరికీ పంపకుండా, ఎవరికి పంపుతున్నారో వారి పని తెలుసుకుని మొదటి వాక్యాన్ని మార్చండి. షూటింగులో ఉంటారు కాబట్టి జవాబు ఆలస్యం కావడం సహజం. వారం పది రోజుల తర్వాత ఒకసారి గుర్తుచేయడం మర్యాదే, రోజూ ఫోన్ చేయడం కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, కార్డు ఫీజు, డిపాజిట్ అంటూ ముందుగా డబ్బు అడిగినవారికి రెజ్యూమేతో పాటు ఏ వివరమూ పంపకండి. అసిస్టెంటుగా పెట్టుకోవడానికి మీ దగ్గర డబ్బు తీసుకునే నిజమైన ఆఫీసు ఉండదు.

పిలుపు వచ్చినప్పుడు అచ్చు ప్రతి ఒకటి వెంట తీసుకువెళ్లాలి. దానితో పాటు మీరు స్వయంగా నడిపిన కంటిన్యుటీ షీట్లు రెండు మూడు, ఒక సీనుకు తయారు చేసిన ప్రాపర్టీస్ జాబితా ఒక ఫైలులో పెట్టుకోండి. ఎడిటింగ్ వారైతే ఫోల్డర్లు సర్దిన తీరు కనిపించే ఒక ప్రాజెక్టును ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంచుకోవాలి. ఆ కాగితాల మీద ప్రశ్నలు వస్తాయి. ఈ టేక్ పక్కన ఈ గుర్తు ఎందుకు పెట్టావు, ఈ నగ సీను మధ్యలో ఎందుకు మారింది, మారిన సంగతి ఎవరికి చెప్పావు అని అడుగుతారు. రెజ్యూమేలో రాసిన ప్రతి పంక్తి వెనక ఇలా చూపించడానికి ఒక కాగితమో, చెప్పడానికి ఒక సంఘటనో ఉందో లేదో ఇంటి దగ్గరే సరిచూసుకుని, లేని పంక్తులను ముందే కొట్టేసి వెళ్లండి.